ఖాళీ బీడీల డబ్బా

12 జనవరి 1992, ఆదివారం

నేను చెబుతాను, నువ్వు రాయి. దవాఖానలో ఇచ్చిన కార్డు వాళ్ళది, ఈ నోటుబుక్కు నాది. రేపు వాళ్ళు ఒకటి అంటే నేను ఇంకొకటి అనడానికి నా దగ్గర కూడా కాగితం ఉండాలి. ఎవరికీ చూపించేది కాదు. నా కొడుకు దత్తాత్రికి కూడా కాదు.

నాకు అక్షరం రాదు. చెబుతున్నది నేను, మల్లమ్మను. రాస్తున్నది నా కూతురు చంద్రభాగ. మూర్ఛలు వచ్చేది కూడా దానికే. ముప్పై ఆరేళ్ళు దానికి. మాది మరాఠీ ఊరైనా నాలుగో తరగతి దాకా మా దాజీ పేట్‌లో తెలుగు బడికి వెళ్ళింది కాబట్టి నేను "వచ్చిన" అంటే "వచ్చాను" అని పెడుతుంది. పెట్టనీ. మాట నాదే.

నిన్న పెద్ద దవాఖానకు పోయాము. శనివారం శనివారం పుణె నుంచి వచ్చే నాడగౌడ డాక్టరమ్మ కూర్చుని ఉంది. రెండు రకాల గోలీలు ఏళ్ళ తరబడి మింగినా మూర్ఛలు తగ్గని పెద్దవాళ్ళ కోసం కొత్త మందు ఒకటి పరీక్ష చేస్తున్నారట. పాత గోలీలు ఆపరు. వాటి మీద ఇది ఒకటి అదనంగా వేస్తారు. పరీక్షలోకి తీసుకునే ముందు నాలుగు వారాలు ఊరికే లెక్క రాసి తెమ్మన్నారు, ఏ రోజు ఎన్ని వచ్చాయో.

కార్డు మీద రెండు గళ్ళున్నాయి. పెద్దవి, చిన్నవి. పడిపోయి కాళ్ళు చేతులు కొట్టుకుంటే పెద్దది. పడిపోకుండా, కూర్చున్నచోటనే మనిషి రెండు నిమిషాలు మనలో లేకుండా పోతే చిన్నది. అలాంటివి ఎన్ని వస్తాయని డాక్టరమ్మ మరాఠీలో అడిగింది. నాకు వచ్చిన మరాఠీ కలిపి నేనే చెప్పాను.

"చిన్నయ్ గిన్నయ్ ఏం లేవు డాక్టరమ్మా. వడుడే ఉన్నది. అప్పుడప్పుడు జర చక్కరొస్తది, గంతే. ఎవలకు రాదు చక్కర్? ఎండల నిలవడితె నాకు గూడ వస్తది."

చంద్రభాగ నా వైపు చూసింది. నేనూ దాని వైపు చూశాను. తల దించుకుంది.

ఇది కూడా రాస్తున్నావా? సరే, రాయి.

నాకు డెబ్బై దాటాయి. నాకు కావలసింది ఒక్కటే. నేను పోయేలోగా ఇది బీడీల కార్ఖానా దాకా ఒక్కతే పోవాలి, ఇంట్లో చుట్టిన బీడీల గంప అప్పజెప్పాలి, ఒక్కతే తిరిగి రావాలి. పదకొండో ఏట బడిలో పడింది. ఆ రోజు నుంచి దాని మణికట్టు నా చేతిలోనే ఉంది. నా చేయి ఎన్నాళ్ళు ఉంటుంది?

15 జనవరి

గడ్డా జాతరలో పడింది, గాజుల దుకాణం ముందు. పెద్దది. కార్డులో ఒకటి.

పక్కింటి యమునాబాయి మాతోనే ఉంది. జనమంతా మూగారు. ఒకరు చేతిలో ఇనుప తాళంచెవి పెట్టమంటారు, ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపించమంటారు. యమునాబాయి మాత్రం నాకు బుద్ధి చెప్పింది.

"మల్లక్కా, గింత మందిలకు ఎందుకు తీస్కొస్తవే పొల్లను? ఇంట్ల కూసోవెట్టరాదు."

"ముందుగాల నీ నోరు కూసోవెట్టు ఇంట్ల."

కొన్న గాజులు పగిలిపోయాయి. మళ్ళీ కొన్నాను. అవే, ఆకుపచ్చవి.

20 జనవరి

ఈ రోజు కార్ఖానాలో బీడీలు తనిఖీ చేసే చెకర్ అంబాదాసు అందరి ముందు నా గంప

కలం అక్కడ ఆగింది. కాగితం మీద గీతలు పడ్డాయి. కొంచెంసేపే. ఎండకు చక్కరొచ్చి ఉంటుంది. జనవరిలో ఎండేమిటి అనకు. కార్డులో రాసే పని లేదు.

అంబాదాసు సంగతి తరువాత.

22 జనవరి

అంబాదాసు అన్నది ఇది. నా గంప పైకెత్తి చూపించి, "బీడీ అంటె గిట్లుండాలె. మల్లక్క గంపల తీసేసుడు అనేదే ఉండది" అన్నాడు. ఎందుకు ఉంటుంది? చంద్రభాగ చుడుతుంది. నేను ఇరవై ఐదేసి కట్ట కడతాను. కట్టే ముందు ఒక్కొక్క బీడీ, కట్టాక ఒక్కొక్క కట్ట, నా అరచేతిలోకి వచ్చి పోతుంది. కళ్ళు మసకబారినా అరచేయి మసకబారలేదు. నలభై ఏళ్ళలో నా చేయి దాటి చెడ్డ బీడీ పోలేదు.

పై అరలో బిస్కెట్ల డబ్బా ఉంది. అది ముట్టవద్దు. రాస్తున్నది నువ్వే కాబట్టి నీకే చెబుతున్నాను. ముట్టవద్దు.

2 ఫిబ్రవరి

పెద్దది. పొయ్యి పక్కన. నేను అడ్డం పడ్డాను. నా మోచేయి కాలింది, దానికేం కాలేదు. కార్డులో రెండు.

8 ఫిబ్రవరి, శనివారం

పరీక్షలోకి తీసుకోలేదు.

డాక్టరమ్మ కార్డు చూసి, పెన్ను కింద పెట్టేసింది. నాలుగు వారాల్లో కనీసం నాలుగు వచ్చినవాళ్ళనే తీసుకుంటారట. ముందే ఈ మాట చెబితే జనం లేనివి రాసుకొస్తారని చెప్పరట. నన్ను వాళ్ళ మాటలో అవ్వా అని పిలుస్తూ, "రెండే ఉన్నాయి ఆజీ. ఒక లెక్కన మంచిదే కదా. మీ అమ్మాయి నసీబ్‌వాన్" అంది.

నసీబ్‌వాన్! అదృష్టవంతురాలట!

 బస్సు దిగేటప్పుడు చంద్రభాగ ఒక్క మాట అడిగింది. "రెండేనా అమ్మా?"

9 ఫిబ్రవరి

రాయవలసింది ఏమీ లేదు.

10 ఫిబ్రవరి

లేదు.

11 ఫిబ్రవరి, మంగళవారం

ఇప్పుడు నేను చెప్పేది ఆపకుండా రాయి. ఏడుపొచ్చినా రాయి. తిట్టాలనిపిస్తే అయ్యాక తిట్టు.

నువ్వు చాట ముందు కూర్చుని బీడీలు చుడుతూ చుడుతూ ఒక్కొక్కసారి ఎటో పోతావు. కళ్ళు తెరిచే ఉంటాయి, నోరు చప్పరిస్తూ ఉంటుంది. చేయి మాత్రం ఆగదు. ఆకు తీసుకుంటుంది, తంబాకు వేయదు, ఉత్త ఆకు చుడుతుంది. దారం రెండు చుట్లు చుట్టేచోట ఏడు, ఎనిమిది చుట్లు చుడుతుంది. తరువాత నువ్వు తిరిగి వస్తావు. ఆ ఖాళీ బీడీ మిగతావాటిలో కలిసిపోతుంది. నీకు గుర్తుండదు.

ఇరవై ఏళ్ళుగా వాటిని నేను అరచేతితో ఏరుతున్నాను. విప్పి, తంబాకు నింపి, మళ్ళీ చుట్టి, కట్టలో పెడుతున్నాను. మొదట, తెలిస్తే కార్ఖానావాళ్ళు నీకు ఆకు ఇవ్వడం మానేస్తారని. తరువాత, యమునాబాయి లాంటివాళ్ళ నోళ్ళకు జడిసి. ఆ తరువాత ఎందుకో నాకే తెలియదు. చేయి అలవాటు పడింది. అందరికీ చక్కర్ అని చెప్పి చెప్పి నేను కూడా చక్కరే అనుకున్నాను. డాక్టరమ్మ "చిన్నవి ఎన్ని" అని అడిగినప్పుడు నా నోటికి ముందు వచ్చింది ఆ అబద్ధమే.

కాని ఆ రోజు నుంచి నేను వాటిని నింపలేదు. మనసు ఒప్పలేదు. ఏరి డబ్బాలో వేశాను. ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు. భయమైంది.

పోయి ఆ డబ్బా తీసుకురా.

ఇప్పుడే తెచ్చింది. మూత తీసి చాటలో బోర్లించింది. ఒక్కొక్కటి తీసి వరసగా పెట్టింది. పందొమ్మిది.

తిడుతుందనుకున్నాను. ఒక బీడీ తీసుకుని, దాని మీద దారం చుట్లు గోటితో లెక్కపెట్టింది.

"నాకు ఎర్కే అమ్మా. పొద్దుగాల కూసుంట, నడుమల జర టైము యాడికో వోతుండె. ఎంతసేపు వోయిందో, యాడికి వోయిందో తెల్వకుండె. ఇగో, గీ డబ్బల దాసిపెట్టినవు."

తిట్టినా బాగుండేది.

15 ఫిబ్రవరి, శనివారం

డబ్బాతో, చాటతో, ఆకుతో, తంబాకుతో పోయాము. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. దవాఖానలో తంబాకు నడవదట. "తాగనీకి కాదురా, డాక్టర్‌కు సూపెట్టనీకి" అన్నాను. వాడు అడ్డం నిలబడే ఉన్నాడు. నేను వాడి పక్క నుంచి లోపలికి పోయాను. డెబ్బై ఏళ్ళ ముసలిదాన్ని ఎవడు చేయి పట్టి ఆపుతాడు?

బల్ల మీద పందొమ్మిదీ పోశాను. డాక్టరమ్మ కాగితాలు ఎత్తుకుంది.

"ఆజీ, హే కాయ్?" ఇదేమిటి అని.

"ఇవే చిన్నయ్. అబద్ధం జెప్పిన. రాస్కో."

చంద్రభాగ మరాఠీలో మొత్తం చెప్పింది. నాకంటే బాగా చెప్పింది. డాక్టరమ్మ విన్నది కాని నమ్మలేదు. పరధ్యానంలో ఎవరైనా ఖాళీ బీడీ చుట్టవచ్చు కదా అంది. మంచి ప్రశ్నే. నేను ఒక బీడీ డాక్టరమ్మ అరచేతిలో పెట్టాను. "పరాకుల ఉంటె తంబాకు మరుస్తరు. దారం ఎవలన్న ఎన్మిది సుట్లు సుడ్తరా? లెక్కవెట్టు."

లెక్కపెట్టింది. ఇంకొకటి తీసింది. అదీ లెక్కపెట్టింది. తరువాత లేచి వరండాలో చాప వేయించింది. చంద్రభాగను చుట్టమంది.

పొద్దున పదింటికి కూర్చున్నాము. పన్నెండయింది, ఒంటిగంటయింది. రాలేదు. జీవితంలో మొదటిసారి నా బిడ్డకు రావాలని మొక్కుకున్నాను. మా కులదేవుడు మార్కండేయుడు ఏమనుకున్నాడో. రెండింటికి చంద్రభాగ చేతిలో ఆకు పట్టుకుని ఉండగా నోరు చప్పరించడం మొదలైంది. నేను డాక్టరమ్మను పిలవలేదు. చూశాను, ఆమె అప్పటికే గడియారం పట్టుకుని వంగి ఉంది. వేళ్ళు ఆకు మీద దారం తిప్పుతూనే ఉన్నాయి. నిమిషమున్నర.

చంద్రభాగ తిరిగి వచ్చాక డాక్టరమ్మ ఆ బీడీ ఇమ్మని తీసుకుంది. దారం తొమ్మిది చుట్లు.

"ఇది ఎన్నేళ్ళ నుంచి ఆజీ?"

"ఇరవై."

డాక్టరమ్మ మళ్ళీ పెన్ను పట్టుకుంది. కొత్త కార్డు తీసింది. మళ్ళీ మొదటి నుంచి నాలుగు వారాలు. ఈసారి రెండు గళ్ళూ నింపాలి. కార్డుతో పాటు డబ్బా కూడా తేవాలి.

బయటికి వస్తూ వాచ్‌మన్‌ను చూసి తల ఎత్తుకుని నడిచాను.

14 మార్చి, శనివారం

నాలుగు వారాలు అయ్యాయి. పెద్దవి మూడు, చిన్నవి ఇరవై రెండు. పరీక్షలోకి తీసుకున్నారు.

తీసుకున్నారు కాని మధ్యలో పెద్ద గొడవ అయింది. చేసింది నేనే.

డాక్టరమ్మ చెప్పింది. రెండు డబ్బాల గోలీలు ఉంటాయి. మొదటిది మూడు నెలలు, మధ్యలో రెండు వారాలు విరామం, తరువాత రెండోది మూడు నెలలు. ఒకదాంట్లో మందు ఉంది. ఇంకోదాంట్లో రంగూ ఆకారమూ అదే, లోపల మందు లేదు. ఏది ముందు పడుతుందో ఎవరికీ తెలియదు.

"నీకు గూడ తెల్వదా?"

నాకూ తెలియదు అంది. పుణెలో కవర్లో మూసి పెట్టారట. అందరి పరీక్షా ముగిశాకే తెరుస్తారట.

"నీకే తెల్వకపోతె నువ్వేం డాక్టర్వు తల్లీ? నా బిడ్డకు మూడు నెలలు ఉత్త గోలీ మింగవెడ్తవా? గీ సంగతి జెప్పనీకేనా గిన్నిసార్లు తిప్పుకున్నవు?"

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. చంద్రభాగ నా కొంగు లాగింది. డాక్టరమ్మ కోప్పడలేదు.

"ఆజీ, ఏది అసలు గోలీయో నాకు ముందే తెలిస్తే నా కన్ను అటే మొగ్గుతుంది. బాగయింది, బాగయింది అని రాసేస్తాను. మీరూ అలాగే చెబుతారు. అప్పుడు మందు గొప్పదా, మన ఆశ గొప్పదా ఎలా తెలుస్తుంది?"

 ఇది నాకు తెలిసిన సంగతే.

పన్నెండేళ్ళ కిందట అంబాదాసు చెకర్‌గా కొత్తగా వచ్చినప్పుడు మొఖం చూసి బీడీలు తీసిపారేసేవాడు. నవ్వి మాట్లాడినదాని గంపలో నాలుగు తీస్తే నా గంపలో నలభై తీసేవాడు. ఆడవాళ్ళమంతా ఐదు రోజులు కార్ఖానా గేటు ముందు కూర్చున్నాం. ఆరో రోజు ఒప్పుకున్నారు. గంపలో పేరు చీటీ బోర్లా పెట్టాలి, తనిఖీ అయ్యాకే తిప్పి చూడాలి. ఆ షరతు పెట్టింది నేనే. ఆ రోజు నుంచే నా బీడీ మంచిదని అంబాదాసుకు తెలిసింది.

"అంటె చీటీ బోర్ల వెట్టిండ్రన్నట్టు" అన్నాను.

చంద్రభాగ డాక్టరమ్మకు ఆ కథంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వింది. "హో ఆజీ, అగదీ తసంచ్." అచ్చం అంతేనట.

కాగితం మీద నేను సాక్షిగా బొటనవేలు వేశాను. చంద్రభాగ సంతకం పెట్టింది, తెలుగులో. పెట్టాక దాని వైపే చూస్తూ ఉండిపోయింది. చిన్నది వచ్చిందేమోనని భుజం తట్టాను.

"ఏం లేదమ్మా. సూస్తున్న, గంతే."

28 మార్చి

మొదటి డబ్బా రెండు వారాలు. చిన్నవి పది. పెద్దది ఒకటి.

11 ఏప్రిల్

మూడు వారాల్లో ఎన్ని, నాలుగు వారాల్లో ఎన్ని అని చెప్పడం అనవసరం. ఏమీ మారలేదు. ఇది ఖాళీ గోలీ. డాక్టరమ్మకు ఇదే చెప్పాను. చెవులు మూసుకుంది, నిజంగానే, రెండు చేతులతో.

3 మే

పెద్దది. కొళాయి దగ్గర. నుదుటి మీద నాలుగు కుట్లు.

దత్తాత్రి మరమగ్గాల సాంచాల మీద పని వదిలి పరుగెత్తుకు వచ్చాడు. ఒంటి నిండా దూదిపింజ. వచ్చీ రాగానే నా మీద పడ్డాడు.

"బంద్ చెయ్యమ్మా ఇగ. అక్క ఏమన్న కుందేలా? దాని మీద పరీక్షలు జేస్తున్నరు వాల్లు."

"వాల్లు జేస్తలేరు. మేం జేస్తున్నం" అంది చంద్రభాగ.

దెబ్బకు కట్టు కట్టించుకుని, కళ్ళ మీదికి నెత్తురు మరక ఉండగానే ఆ మాట అంది.   పాత గోలీలు, కొత్త గోలీ, మూడూ అదే లేచి వేసుకుంది. నేను నీళ్ళు ఇచ్చాను.

6 జూన్, శనివారం

మొదటి డబ్బా అయిపోయింది. పన్నెండు వారాలు. పెద్దవి ఎనిమిది, చిన్నవి అరవై మూడు. ఖాళీ బీడీలన్నీ బల్ల మీద పోస్తే డాక్టరమ్మ ఒక్కొక్కటి తీసి దారం చూసింది. నాలుగు పక్కన పెట్టింది, వీటికి దారం రెండు చుట్లే ఉంది, ఇవి నిజంగానే పరాకువి, లెక్కలోకి రావు అంది. నేను ఆ నాలుగూ కలపకుండానే అరవై మూడు చెప్పాను. ఇద్దరి లెక్కా ఒకటే. అంబాదాసు కంటే మంచి చెకర్ అవుతుంది ఈ పిల్ల.

20 జూన్

రెండో డబ్బా మొదలు.

24 జూన్

చంద్రభాగ తూలుతోంది. పొద్దెక్కినా లేవడం లేదు. అక్షరాలు వంకరగా పడుతున్నాయని అదే చెబుతోంది. యమునాబాయి వచ్చి, "ఏం మింగవెడ్తున్నవే పొల్లకు? పానం దీస్తవా?" అంది.

నేను లోపలికి పోయి దేవుడి ముందు దీపం పెట్టాను. భయానికి కాదు. లోపల ఏదో ఉంది! ఉత్త గోలీ ఎవరినీ తూలించదు.

27 జూన్

డాక్టరమ్మ చూసింది. కళ్ళు చూసింది, గీత మీద నడిపించింది. రెండు వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే గోలీ తగ్గిస్తాం అంది. "ఇది అసలుదే కదా?" అన్నాను. మళ్ళీ చెవులు మూసుకుంది.

11 జూలై

తూలడం పోయింది. మూడు వారాల్లో పెద్దది ఒకటి, చిన్నవి ఎనిమిది. ఎనిమిదిలో చివరిది ఆరు రోజుల కిందట.

18 జూలై

ఒకటి.

25 జూలై

కట్టలు కడుతూ ఒక్కొక్క బీడీ మూడేసిసార్లు తూచాను. నా అరచేయి చెడిపోయిందేమోనని చంద్రభాగ చేత కూడా తూయించాను. ఖాళీది లేదు. వారంలో ఒక్కటీ లేదు.

2 ఆగస్టు

ఒకటి. దారం నాలుగు చుట్లే. లెక్కలోకి వస్తుందా రాదా అని చంద్రభాగతో వాదించాను. "వస్తది, రాస్తున్న" అంది. రాసింది.

13 ఆగస్టు, గురువారం, పున్నమి

మార్కండేయుని రథం. జనం, తాషా డప్పులు, గులాల్ రంగులు. ప్రతి ఏడూ దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని చూపించేదాన్ని. ఈసారి అరుగు దిగింది. నేనూ దిగాను. చేయి వదలలేదు కాని, దిగాను.

రథం ముందు ఆడవాళ్ళతో పాటు నాలుగు అడుగులు వేసింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఎనిమిదేళ్ళ పిల్లలాగా నవ్వింది.

14 ఆగస్టు

ఇద్దరికీ పోట్లాట.

ఆగస్టు రెండు తరువాత పన్నెండు రోజులు ఏమీ లేదు. వచ్చే శనివారం కార్డు చూపించాలి. గడిలో ఒకటి పెట్టమన్నాను.

"రాలేదు గద."

"రాకున్న వెట్టు. అన్ని సున్నలు వెడితె దిష్టి తాకుతది. బీడీల గంప నిండుగ ఉన్నదంటె పైన బొగ్గుముక్క వెడ్తమా లేదా? గట్లనే. ఒక్కటి వెట్టు, సాలు."

"వెట్ట."

"నా మాట ఇనవా?"

"ఇరవై ఏండ్లు ఉన్నయ్ లేవంటివి. ఇప్పుడు లేనియ్ ఉన్నయంటున్నవు. చీటీ బోర్ల వెట్టాలె అన్నది నువ్వే గదనే అమ్మా."

కలం మూసేసింది.  సాయంత్రం నేను చాయ్ చేసి దాని ముందు పెట్టి, రాయి అన్నాను. ఏం రాయను అంది. సున్న రాయి అన్నాను.

బొగ్గుముక్క మాత్రం దాని తలదిండు కింద పెట్టాను. అది కార్డులో రాసేది కాదు కదా.

2 సెప్టెంబర్

పెద్దది. పట్టపగలు, యమునాబాయి చూస్తుండగా, మా గడపలోనే. రాయి. దాచేది ఏమీ లేదు.

యమునాబాయి "మల్ల మొదలైంది" అంది. "ఆరు వారాలకు ఒకటి. నెలకు మూడు వస్తుండె. నీకు లెక్క వస్తదా?" అన్నాను.

7 సెప్టెంబర్

చిన్నది ఒకటి.

12 సెప్టెంబర్, శనివారం

రెండో డబ్బా అయింది. పన్నెండు వారాలు. పెద్దవి రెండు, చిన్నవి పదకొండు.

మొదటిదాంట్లో ఎనిమిది, అరవై మూడు. ఇది రెండోసారి రాయి, నాకు వినాలని ఉంది. ఎనిమిది, అరవై మూడు. రెండు, పదకొండు.

కవరు ఇంకా తెరవలేదు. మిగతావాళ్ళవి కావాలట. అప్పటిదాకా రెండో డబ్బా నంబరు మీదనే గోలీలు ఇస్తారు. ఇవ్వకపోతే వరండాలో కూర్చుంటాను అన్నాను. ఐదు రోజులు కూర్చున్న అలవాటు ఉందని చంద్రభాగ మరాఠీలో చేర్చింది.

21 నవంబర్, శనివారం

కవరు తెరిచారు.

గోడ పక్కన బెంచీల మీద పరీక్షలో ఉన్నవాళ్ళం అందరం కూర్చున్నాము. ఒక్కొక్కరినే పిలిచారు. మా కంటే ముందు పోయిన హోట్గి రోడ్ మనిషి బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. అతనికి రెండు డబ్బాలకూ తేడా లేదు. అతని భార్య కళ్ళు తుడుచుకుంది. నా డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను కదలలేదు.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ కాగితం విప్పి వేలు పెట్టి చదివింది. మొదటి డబ్బా, మందు లేనిది. రెండో డబ్బా, మందు.

"నేను ఏప్రిల్‌లనే జెప్పిన."

"చెప్పారు ఆజీ. నేను వినలేదు. వింటే తప్పయ్యేది."

మందు బజారులోకి వచ్చే దాకా ఉచితంగా వాళ్ళే ఇస్తామన్నారు. నోటి మాట వద్దు, కాగితం మీద రాసి ముద్ర వేయండి అన్నాను. వేశారు. చంద్రభాగ చదివి సరిగ్గా ఉందని చెప్పాకే లేచాను.

లేచేటప్పుడు డాక్టరమ్మ బల్ల సొరుగు తీసి ఒక బీడీ చూపించింది. ఫిబ్రవరిలో వరండాలో చుట్టినది. తొమ్మిది చుట్ల దారం అలాగే ఉంది. "ఇది నేను ఇవ్వను" అంది. ఉంచుకోమన్నాను.

23 నవంబర్, సోమవారం

పొద్దున చంద్రభాగ గంప సర్దుకుని తలకు చుట్టకుదురు పెట్టుకుంది. నేను ఎప్పటిలా చేయి చాచాను. అది గంప రెండు చేతులతో పట్టుకుని ఉంది. మణికట్టు ఖాళీగా లేదు.

"నేనొక్కదాన్నే వోతనే అమ్మా."

మూడు మలుపులు, ఒక పెద్ద రోడ్డు. రోడ్డు దగ్గర ఆటోలు ఆగవు, నువ్వే ఆగాలి అన్నాను. ఎర్క అంది. మధ్యలో ఏదైనా అనిపిస్తే కూర్చో, సిగ్గుపడకు అన్నాను. ఎర్క అంది. దత్తాత్రి చొక్కా వేసుకుంటూ వెనకాల పోతానన్నాడు. "వోతె కాళ్ళు ఇరగ్గొడ్త" అన్నాను. పోయింది.

నేను గడపలో చాట పెట్టుకుని కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే వీధంతా నా మొఖమే చూస్తుంది. ఆకు కత్తిరించుకుని చుడుతూ ఉన్నాను. సాంచాలు టకటక కొడుతున్నాయి.  యమునాబాయి వచ్చి నిలబడింది.

"ఒక్కదాన్నే తోలినవా మల్లక్కా?"

"తోలలే. అదే వోయింది."

 యమునాబాయి నా పక్కన గడప మీద కూర్చుంది. అది కూడా వీధి చివరికే చూసింది. ఇంతకాలం దాని మీద నాకున్న కోపం సగం అక్కడ పోయింది. సగం ఉంచుకున్నాను.

ఎంతసేపో నేను చెప్పలేను. వీధి మలుపులో ముందు గంప కనిపించింది, తరువాత ఆకుపచ్చ గాజులు, తరువాత మొఖం. చిన్నగా నడుస్తోంది. తొందర లేదు. ఇంటి ముందుకు వచ్చి, కొత్త ఆకు మూట, తంబాకు సంచి దించింది.

"ఎన్ని తీసేసిండు?"

"ఒక్కటి గూడ తియ్యలే. మల్లక్క ఏది, ఏమైంది అని అడిగిండు అంబాదాసు."

"నువ్వేమన్నవు?"

"మా అమ్మకు జర చక్కరొచ్చింది, ఇంట్ల ఉన్నది అన్న."

యమునాబాయి నవ్వి నవ్వి గడప పట్టుకుంది. నేను తిట్టాను. ఏమని తిట్టానో రాయవద్దు.

చంద్రభాగ కాళ్ళు కడుక్కుని వచ్చి నా చాట తన ముందుకు లాక్కుంది. నేను చుట్టినవి కట్టలు కడతానంది. ఒక్కొక్కటి అరచేతిలో వేసుకుని తూచడం మొదలుపెట్టింది, అచ్చం నాలాగే. పది, పదిహేను పెట్టింది. ఒకదాని దగ్గర చేయి ఆగింది. నేను గబుక్కున దాని కళ్ళలోకి చూశాను. కళ్ళు ఇక్కడే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

ఆ బీడీ నా కళ్ళ ముందు పెట్టింది. లోపల తంబాకు లేదు. పైన దారం చుట్టి చుట్టి ఉంది. లెక్కపెట్టింది. పది.

"ఇది ఎవలదే అమ్మా?"

నలభై ఏళ్ళు. నా చేతిలో ఒక్కటి కూడా ఖాళీ పడలేదు.

అరలో నుంచి డబ్బా తీసింది. లోపల ఒక్కటి పడ్డ చప్పుడు అయింది.

కార్డు కూడా తియ్యి అన్నాను. చిన్నవి గడిలో ఒకటి పెట్టు. పక్కన మల్లమ్మ అని రాయి.